వదినగారికి కప్పిన దుప్పటి

ఫిబ్రవరి 4

చెల్లీ,

ఈ ఉత్తరం అందేలోపే మా ఆఫీసు వ్యాను మీ గుమ్మం ముందు ఆగితే కంగారు పడకు. అందులోంచి దించేది పావురాల గూడేమో అనిపిస్తుంది చూడ్డానికి. అది గాలిలో దుమ్ము పట్టే యంత్రం. పైన రేకు కప్పు, కింద మోటారు, మధ్యలో తెల్లటి కాగితం. మోటారు గాలి పీలుస్తుంది, దుమ్ము కాగితం మీద ఆగుతుంది. ఆ కాగితాన్ని ఖాళీగా ఒకసారి, దుమ్ము పట్టాక ఒకసారి తూచేది మీ అక్క. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగమని అందరి దగ్గరా గొప్పలు చెబుతావే, నేను చేసేది ఇదీ. తలుపులు బిగించుకుని, ఫ్యానయినా వేసుకోకుండా, దుమ్ము తూచడం.

అసలు సంగతికి వస్తాను. మరిదిగారు పనిచేసే ఇనుము ఫ్యాక్టరీ వాళ్లు రెండో కొలిమి పెట్టుకుంటామని మా శాఖకు దరఖాస్తు పెట్టారు. ఉన్న కొలిమికే పొగ వడకట్టే గుడ్డ సంచులు చిరిగి రెండేళ్లయిందని, కొత్తవి వెయ్యలేదని మరిదిగారు పోయినసారి చెప్పిన మాట నాకు గుర్తుంది. ఊళ్లో గాలి హద్దు దాటిందని మా కాగితాలు చెబితే, సంచులు వేసేదాకా రెండో కొలిమి మాట ఎత్తనివ్వం. కాగితం చెప్పకపోతే ఇంకెవరు చెప్పినా చెల్లదు. కొలిమి ముందు పదకొండేళ్లుగా ఇనప తుక్కు వేస్తున్న మరిదిగారి దగ్గు కూడా చెల్లదు.

ఇదివరకు యంత్రాన్ని బడి మీద పెడితే ఎవరో తీగ పీకేశారు. నీళ్ల ట్యాంకు మీద పెడితే కాపలావాడే మోటారు ఆపేసి నిద్రపోయాడు. కంచే చేను మేస్తే ఇంకేం చేస్తాం? అందుకని ఈసారి మీ డాబా పేరు నేనే రాశాను. ఫారంలో ‘ఇంటివారికి శాఖ సిబ్బందితో బంధుత్వం’ అని ఒక గడి ఉంది. అందులో ‘లేదు’ అని రాశాను. చుట్టాల ఇంట్లో పెట్టకూడదని రూలు. తిట్టుకోకు, మీ ఆయన ఊపిరి కోసమే రాశాను.

వారానికి రెండు రోజులు పొద్దున ఎనిమిదికి స్విచ్చి వెయ్యి, మర్నాడు ఎనిమిదికి ఆపు. కాగితాన్ని పట్టకారుతో తీసి, మడిచి, నేను పంపే కవర్లో పెట్టు. కవరు విప్పేది నేనే కాబట్టి అందులోనే ఉత్తరం కూడా పడెయ్యి. నీకు ఫోను చేస్తే ఫ్యాక్టరీ మోత తప్ప నీ మాట వినపడదు.

అన్నిటికంటే ముఖ్యం, యంత్రం జాగ్రత్త. మసి పట్టకూడదు, తడవకూడదు. శాఖ మొత్తానికి ఇలాంటివి మూడే ఉన్నాయి. నా చేతి గడియారాన్ని నీళ్ల తొట్టిలో వేసి, ‘ఈదుతుందేమో చూశానక్కా’ అన్నదానివి. ముప్పై ఏళ్లయినా నేను మర్చిపోలేదు. దీన్ని మాత్రం కంటికి రెప్పలా కాపాడు.

నీ సణుగుడు అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

వదినగారు క్షేమంగా డాబా ఎక్కారు. నీ యంత్రానికి మీ మరిది పెట్టిన పేరది. వ్యానులో వచ్చిన ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి ‘నలుగురు కావాలమ్మా’ అంటుంటే, ఈయన ఒక్కరే భుజానికెత్తుకుని ఎక్కించేశారు. ఆ తర్వాత పిట్టగోడకి ఆనుకుని పావుగంట దగ్గారనుకో. స్విచ్చి వెయ్యగానే అది రొద మొదలెట్టింది. “ఇవాళ పొద్దున మొదలెడితే రేపు పొద్దుటిదాకా ఆపదు. అచ్చం మీ అక్కే” అన్నారు. అప్పట్నుంచీ రోజూ డ్యూటీకి వెళ్లేముందు మెట్ల కింద నిలబడి “వదినగారూ, వెళ్లొస్తా” అని కేకేస్తారు. పక్కింటివాళ్లు నువ్వు వచ్చావనుకుని రెండుసార్లు చూడ్డానికొచ్చారు.

‘లేదు’ అని రాశావన్నమాట. చదవగానే బాధేసింది. మన మంచికే అన్నావు కనక ఊరుకున్నాను. కానీ అక్కా, ఇంకేదైనా అబద్ధం దొరకలేదా నీకు?

ఇక్కడి సంగతి నీకు కొత్త కాదు. తుక్కు కొలిమిలో వేసేది మధ్యాహ్నం ఒంటిగంటకీ సాయంత్రం నాలుగింటికీ. అప్పుడు ఎర్రటి పొగ గోడ దాటి దిగుతుంది, అరగంటసేపు వీధి అవతలి ఇల్లు కనపడదు. కిటికీ చెక్క మీద వేలితో పేరు రాసుకోవచ్చు. బోర్లించిన గిన్నె అడుగున కూడా దుమ్మే. బట్టలు ఆరేసే టైము కూడా కొలిమి చెప్పినట్టే. నిన్న రుమాలు చూపించి “ఇవాళ నా ముక్కులోంచి ఇటుక వచ్చింది, ఇంకో నాలుగు వస్తే అరుగు కట్టుకోవచ్చు” అన్నారాయన. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ యంత్రం మీద మాత్రం ఆయనకి ఎంత నమ్మకమో. “కాగితం చెబుతుంది చూడు, మేం ఏం పీలుస్తున్నామో. సంచులు వేస్తే ఉద్యోగమూ ఉంటుంది, ఊపిరీ ఉంటుంది” అంటారు. అంతకు మించి ఏమీ అడగట్లేదు పాపం.

యంత్రం గురించి బెంగపడకు. దాని మీద ఈగను కూడా వాలనివ్వడం లేదు. గడియారం నాటి చెల్లెల్ని కాదు నేను.

నీ చెల్లెలు


మార్చి 9

చెల్లెమ్మా,

మూడు వారాల కాగితాలూ తూచాను. తేలిగ్గా ఉన్నాయి. హద్దుకి చాలా కింద. నాలుగు రోజులు ఆగి మళ్లీ తూచాను, తూకం మారలేదు. మా ఆఫీసరు చూసి “ఆ వీధి గాలి మన వీధి గాలి కంటే నయంగా ఉందే” అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

స్విచ్చి సరిగ్గా ఎనిమిదికే వేస్తున్నావా? కాగితం గరుకువైపు పైకి పెడుతున్నావా? పోయిన వారం మా మెకానిక్కు వచ్చాడు కదా, మోటారు తిరిగిన గంటలు సరిపోయాయన్నాడు. పైగా, “ఇన్నేళ్ల సర్వీసులో ఇంత శుభ్రంగా ఉన్న యంత్రం చూళ్లేదు మేడమ్, ఆ ఇల్లాలెవరో గాని దండం పెట్టాలి” అన్నాడు. ఆ ఇల్లాలు మా చెల్లెలని చెప్పడానికి వీల్లేక నాలుక కరుచుకున్నాను. కానీ లోపల పొంగిపోయాను.

ఏప్రిల్ పదిహేను దాకా వచ్చిన కాగితాలే లెక్కలోకి వస్తాయి. మే నెల మొదట్లో విచారణ. ఇంకా వ్యవధి ఉంది. గాలి వాటం మారిందేమో చూద్దాం.

మీ బావగారు నడుంనొప్పితో మంచం దిగడం లేదు. మందు వేసుకోమంటే వినరు, నా మీద మాత్రం కేకలేస్తారు.

ఉంటాను,
అక్క


మార్చి 21

అక్కా,

మెకానిక్కు అన్న మాట ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. మా ఇంట్లో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. నీ నోట్లోంచి కూడా ఒక మంచి మాట వచ్చింది కాబట్టి ఆ ఉత్తరం దాచుకుంటున్నాను.

కాగితాలు తేలిగ్గా రావడమేంటో నాకూ అర్థం కావట్లేదు. పొగ ఏం తగ్గలేదు. స్విచ్చి గడియారం చూసే వేస్తున్నాను. కాగితాన్ని చేత్తో తాకితే ఒట్టు.

ఒక మంచి కబురు. ఆయన్ని కొలిమి దగ్గర్నుంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే లారీల నంబర్లు రాసుకోవాలి, అంతే. పోయిన వారం మేనేజరు పిలిచి, “ప్రభుత్వం వాళ్ల మిషను మీ డాబా మీదే ఉందటగా?” అని అడిగాడట. ఈయన ఉందన్నారట. “నీ దగ్గు చూస్తే జాలేస్తోందయ్యా, కొన్నాళ్లు కుర్చీలో కూర్చో” అన్నాడట. పదకొండేళ్లకి కుర్చీ దొరికింది. మొదటిరోజు ఇంటికొచ్చి “నడుం నొప్పిగా ఉంది, కూర్చోవడం అలవాటు లేదు” అన్నారు. బావగారికి చెప్పు, నడుంనొప్పిలో తోడు దొరికిందని.

నీ చెల్లెలు


ఏప్రిల్ 6

చెల్లీ,

ఇకమీదట ఉత్తరాలు ఆఫీసు కవర్లో పెట్టకు. ఇంటికి రాయి.

మనసు కష్టపెడుతున్నానని తెలిసే రాస్తున్నాను. పద్నాలుగు కాగితాలయ్యాయి. అన్నీ ఉతికిన చొక్కాలా ఉన్నాయి. మోటారు తిరుగుతోంది, పొగ వస్తోంది, దుమ్ము మాత్రం కాగితం దాకా రావట్లేదు. ఇరవై రెండేళ్లుగా దుమ్ము తూస్తున్నదాన్ని, నాకు తెలియదా? ఎవరో ఆ యంత్రానికి ఏదో అడ్డం పెడుతున్నారు. మీ డాబా మీదికి వచ్చేది ఇద్దరే. నువ్వు, మరిదిగారు.

మేనేజరు పిలిచాడు. డాబా సంగతి అడిగాడు. మర్నాడు కుర్చీ ఇచ్చాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ ఉంది, నిప్పు ఉంది, కుర్చీ కూడా ఉంది. నేను ఆ మనిషి ఊపిరి కోసం ఫారంలో అబద్ధం రాశాను. ఆయన కుర్చీ కోసం నా కాగితాలనే అబద్ధం చేశాడు. దొంగ చేతికే తాళాలిచ్చానని ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వు అమాయకురాలివి. ఆయన్ని అడుగు. జవాబు నాకు రాయి.

అక్క


ఏప్రిల్ 14

అక్కకి,

అడగక్కర్లేకపోయింది. నేను వంటింట్లో ఉండగా పోస్టు అతను ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాడు. నీ చేతిరాత చూసి, నవ్వుకోవడానికి ఏదో ఉంటుందని విప్పారు. నువ్వు రాసే ఎగతాళి అంటే ఆయనకి అంత ఇష్టం.

చదివి బల్ల మీద పెట్టారు. “మీ అక్క జవాబు రాయమంది” అన్నారు, అంతే. ఆ రోజు నుంచి ‘వదినగారూ వెళ్లొస్తా’ అనడం మానేశారు. నా ఎదురుగా దగ్గడం కూడా మానేశారు. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లి, నీళ్ల పంపు తిప్పుకుని దగ్గుతున్నారు.

నీకు దుమ్ము తూయడం వచ్చునేమో గానీ మనుషుల్ని తూయడం రాదక్కా. నీ యంత్రాన్ని మొయ్యడానికి నలుగురు కావాలంటే, ఆ ఊపిరితోనే ఒక్కరూ మోశారు. కుర్చీ ఆయన అడగలేదు. వచ్చే ఆదివారం సెలవు, పొద్దున్నుంచి సాయంత్రందాకా దాని పక్కనే కూర్చుంటారట. “ఎవడు ముట్టుకుంటాడో నేనే పట్టుకుని మీ అక్కకి అప్పజెబుతా” అంటున్నారు. పట్టుకున్నాక నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తాను.

ఇట్లు,
డాబా యజమానురాలు


మే 5

చెల్లీ,

నిన్న విచారణ అయిపోయింది. ఫ్యాక్టరీ తరఫు లాయరు నా కాగితాల లెక్కే చదివాడు. ఒక్క అంకె కూడా మార్చలేదు, మార్చాల్సిన అవసరం రాలేదు. గాలి హద్దులోనే ఉంది కాబట్టి పాత కొలిమికి కొత్త సంచులు అక్కర్లేదు, రెండో కొలిమికి అనుమతి. అడుగున నా సంతకం.

ఆదివారం కాపలా కాస్తారన్నావు. దొంగ దొరికాడని ఇంతవరకూ నాకు కబురు లేదు. ఒకటి మాత్రం గమనించాను. గడువు పదిహేనుతో అయిపోయింది. ఇరవై తర్వాత వచ్చిన కాగితాలు ఎర్రగా, బరువుగా, ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. లెక్క ముగిసేదాకా అడ్డుపెట్టి, ముగిశాక తీసేస్తే నాకు తెలియదనుకున్నారు కాబోలు. మరిదిగారికి కుర్చీ కలకాలం ఉండాలని కోరుకుంటున్నానని చెప్పు.

అక్క


మే 24

అక్కా,

ఈ ఉత్తరం రాయనని ఆయనకి మాటిచ్చాను. మాట తప్పుతున్నాను.

ఆ ఆదివారం ఆయన పొద్దున్నే స్టూలు వేసుకుని యంత్రం పక్కన కూర్చున్నారు. భోజనం పైకే పట్టుకెళ్లాను. ఒంటిగంటకి తుక్కు వేశారు, పొగ గోడ దాటింది. నేను అలవాటు చొప్పున పాత తెల్ల దుప్పటి పట్టుకుని గబగబా మెట్లెక్కి, యంత్రానికి కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. లేచి చూస్తే ఆయన నా వంకే చూస్తున్నారు.

“ఇది రోజూ చేస్తున్నావా?” అన్నారు.

“పొగ దిగినప్పుడల్లా. మళ్లీ పొగ పోగానే తీసేస్తా. అక్క మసి పట్టకూడదంది కదా” అన్నాను.

అప్పటికీ నాకు తెలియలేదక్కా. మోటారు తిరుగుతూనే ఉంది, గుడ్డలోంచి గాలి వెళ్తూనే ఉంది, ఇంక తప్పేముందనుకున్నాను. ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డారు. దగ్గు ఆగాక మెట్ల మీద కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు, నేనేం చేశానో.

అప్పుడే నీకు రాస్తానన్నాను. వద్దన్నారు. “రాస్తే లెక్కలన్నీ రద్దు చెయ్యాలి. రద్దు చేస్తే ఎవరింట్లో పెట్టావని మీ అక్కని అడుగుతారు. ఆ గడిలో ఏం రాసిందో బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. నన్నే దొంగ అనుకోనీ. అంతమాత్రాన నా దగ్గేం ఎక్కువవుతుందా?” అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నిజం చెబుతాను. నువ్వు మళ్లీ నన్ను గడియారం పాడుచేసినదానిలా చూస్తావని భయం. నా మొగుడు దొంగ అనిపించుకుంటుంటే, నేను నా పరువు చూసుకున్నాను.

ప్రతి వారం ఆ దుప్పటి ఉతికేదాన్ని. బకెట్లో నీళ్లు ఎర్రగా తిరిగేవి. అవి పారబోస్తుంటే ఎంత తృప్తిగా ఉండేదో. ఇంత మురికి అక్క యంత్రానికి పట్టకుండా ఆపాను కదా అని.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, అనుమతి వచ్చిన పదో రోజున ఆయన కుర్చీ తీసేశారు. ఫ్యాక్టరీ డాక్టరు పరీక్ష చేసి పనికి పనికిరాడని రాశాడు. ఊపిరితిత్తులు చెడ్డాయి గానీ అది ఫ్యాక్టరీ పొగ వల్ల వచ్చిన జబ్బు కాదట, బీడీల వల్లట. జన్మలో బీడీ ముట్టని మనిషి! “ఇక్కడి గాలి శుభ్రంగా ఉందని ప్రభుత్వమే తూచి చెప్పింది, ఇంక మమ్మల్నేమంటావు?” అని కాగితం చూపించాడట. దాని అడుగున నీ సంతకం ఉందట.

నీ చెల్లెలు


జూన్ 6

చెల్లీ,

నీ ఉత్తరం తూకం గదిలో చదివాను. అక్కడైతే తలుపు గడియ వేసుకోవచ్చు.

ఫ్యాక్టరీ తన పొగగొట్టానికి తొడగాల్సిన గుడ్డని నువ్వు నా యంత్రానికి తొడిగావు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను చూసిన వడపోత బట్టల్లో బాగా పనిచేసింది నీ పాత దుప్పటి ఒక్కటే. నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్టు రావడం లేదు. మసి పట్టకూడదన్నది నేను. పొగలో ఉన్న యంత్రం అంత శుభ్రంగా ఎలా ఉందని అడగనిది నేను. మెకానిక్కు మెచ్చుకుంటే పొంగిపోయింది నేను. మరిదిగారిని అన్న మాటలు ఇక ఎలా వెనక్కి తీసుకోను?

చెయ్యాల్సింది తెలుసు. రిజిస్టరు తీసి, ఈ కొలతలు చెల్లవని రాయాలి. ఎందుకు చెల్లవో రాయాలంటే డాబా ఎవరిదో రాయాలి. మీ బావగారు “వాళ్లకి ఎలాగూ నష్టం జరిగిపోయింది, ఇంకో ఇల్లు కూడా కూలాలా?” అంటున్నారు. మా చిన్నమ్మాయి చదువు ఇంకా రెండేళ్లుంది. నాకు కొంచెం వ్యవధి ఇవ్వు. గడి జోలికి పోకుండా ఏదైనా దారి ఉందేమో చూస్తాను.

నిజంగానే చూస్తాను.

అక్క


జూలై 2

అక్కా,

నిన్న మీ శాఖ నుంచి కవరొచ్చింది. నీ జవాబనుకుని ఆత్రంగా విప్పాను. లోపల దళసరి కాగితం మీద అచ్చు వేసిన ప్రశంసాపత్రం. ‘ప్రభుత్వ పరికరమును మిక్కిలి శుభ్రముగా నిర్వహించి, వాయు నాణ్యతా పరిరక్షణకు తోడ్పడిన గృహిణికి కృతజ్ఞతలతో.’ ఉత్తరం ముక్క లేదు. ఆయన ఫ్రేము కట్టించమన్నారు. కొలిమి వైపు గోడకి తగిలిద్దామన్నారు.

రెండో కొలిమి పోయిన సోమవారం వెలిగించారు. ఇప్పుడు తుక్కు వేసేది రోజుకి నాలుగుసార్లు. ఆయన వీధి చివరిదాకా నడవలేకపోతున్నారు.

ఈ పార్సిల్లో ఉన్నది ఆ దుప్పటే. ఒక్క పూట డాబా మీద పరిచి, ఉతక్కుండా మడిచాను. రూలు ఒప్పుకోదని తెలుసు. అయినా ఒకసారి తూచి చూడు.

ఆ గడిలో ‘లేదు’ అని రాసినప్పుడు అది అబద్ధమని నాకు చాలా బాధగా ఉండేది. ఇప్పుడా బాధ లేదు. నెల రోజులు చూశాక అది నిజమేనని తెలిసింది.

గృహిణి


జూలై 20

చెల్లీ,

దుప్పటిని మా త్రాసు పట్టదు. కాగితమంత ముక్క కత్తిరించి తూచాను, ఉతికి ఆరేసి మళ్లీ తూచాను. ఆ తేడా ఎక్కడా ఎక్కించడానికి వీల్లేదు. ఒక చీటీ మీద రాసి నా దగ్గరే పెట్టుకున్నాను. హద్దుకి నాలుగింతలుంది.

ఆ మధ్యాహ్నమే రిజిస్టరు తీశాను. ‘లేదు’ అన్న మాట కొట్టేసి ‘సొంత చెల్లెలు’ అని రాసి, పక్కన సంతకం పెట్టి, ఆఫీసరు బల్ల మీద పెట్టాను. తూకం గది తాళం చెవులు అప్పుడే తీసేసుకున్నారు. విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. మీ బావగారు నాతో మాట్లాడటం లేదు. నడుంనొప్పి మాత్రం తగ్గినట్టుంది, ఇల్లంతా తిరుగుతూ తలుపులు విసిరేస్తున్నారు.

నువ్వు ఎదురుచూస్తున్నది చెప్పలేకపోతున్నాను. కొలతలు రద్దయ్యాయి గానీ అనుమతి రద్దు కాలేదు. కొలిమి వెలిగాక ఆపడం కష్టమట. మళ్లీ ఏడాదిపాటు కొలిచి అప్పుడు చూస్తారట. యంత్రాన్ని ఈసారి ఫ్యాక్టరీ గెస్టుహౌసు మీద పెడతారు. పొగ ఆ వైపు పోదు. మరిదిగారి సంగతి లాయరుని అడిగాను. గాలి శుభ్రంగా ఉందని ఇక వాళ్లు అనలేరు. మురికిగా ఉందని మనమూ అనలేం. ఆ రెండు నెలల గాలికి ఇప్పుడు ఏ లెక్కా లేదు.

నేను నెల ముందే రాసి ఉంటే రెండో కొలిమి వెలిగేది కాదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మరిదిగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆయన్ని దొంగ అన్న నోటితో క్షమించమని అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

అక్క


ఆగస్టు 3

అక్కా,

చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నారు. రాత్రి భోజనాల దగ్గర “మీ అక్క ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవర్ని సణుగుతోందో” అన్నారు. చాలా రోజుల తర్వాత మొదటి ఎగతాళి అది.

యంత్రాన్ని ఇవాళ తీసుకెళ్లారు. ఈసారి నలుగురొచ్చారు. ఎత్తగానే దాని కింద తెల్లగా ఒక చదరం కనపడింది. మా డాబాకి సున్నం వేయించిన సంగతి నేనే మర్చిపోయాను. సాయంత్రం పొగ దిగాక వెళ్లి చూస్తే అదీ మిగతా దానిలో కలిసిపోయింది.

ఆయన మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైకి ఎక్కలేరు కదా. వాళ్లు మలుపు దగ్గర యంత్రాన్ని గోడకి రాయించబోతుంటే, “చూసి దిగండి వదినగారూ, అక్కడ మెట్టు విరిగింది” అన్నారు. నలుగురూ ఆగి వెనక్కి చూశారు, ఆడమనిషెవరైనా వస్తున్నారేమోనని. ఆయన మళ్లీ దగ్గులో పడ్డారు. పెరట్లోకి వెళ్లలేదు, అక్కడే, నా ఎదురుగానే దగ్గారు.

యంత్రం అప్పజెప్పినట్టు సంతకం పెట్టమని ఫారం ఇచ్చారు. అందులోనూ ఆ గడి ఉంది. మా పేరు మీద ఉన్నది కాబట్టి నేనే నింపాలన్నారు. నా చేతిరాత నీ అంత బాగుండదు. అయినా గడి దాటిపోయేంత పెద్దగా రాశాను, అక్క అని.

నీ చెల్లెలు